అధికారి వస్తున్నాడని కోసిన గడ్డి

1999 నవంబర్, గురువారం రాత్రి

అంతా నా చేతులారా చేసుకున్నాను. ఇంటి వెనక మా స్థలంలో బాండికూట్లని, ఈ దేశంలో కాపాడుకొనే చిన్న అడవి జంతువులు ఉన్నాయి, చూడటానికి మన పందికొక్కుల్లా ఉంటాయి. స్థలాన్ని వాటికోసమే వదిలేశామని నమ్మితే ఇక్కడి ఊరి కౌన్సిల్ పన్ను తగ్గిస్తుంది. లేదంటే ఖాళీ స్థలం కింద పూర్తి పన్ను. అది చూసిపోవడానికే ఇవాళ అధికారి వచ్చాడు.

మనిషి వస్తున్నాడంటే ఇల్లు చిందరవందరగా ఎలా ఉంచుతాం? నిన్న పక్కింటాయన దగ్గర మోవర్ అడిగి తెచ్చి, మోకాలెత్తు గడ్డి మొత్తం కోసేశాను. పొదలు నరికి, ఎండుకొమ్మలు ఏరేశాను. పొద్దున్నే గేటు ముందు ముగ్గు కూడా పెట్టాను.

అతను స్థలమంతా ఒకసారి తిరిగి చూశాడు. "సో, వేర్ డు దే లివ్ నౌ?" అన్నాడు. కోప్పడినా బాగుండేది. మళ్ళీ గుబురు పెరిగాక దరఖాస్తు పెట్టుకోమన్నాడు. ఏళ్ళు పడుతుందట.

మావారు ఆఫీసులో కంప్యూటర్ల వైటూకే పని ముగించుకొని వచ్చి, విషయం విని, బూట్లు కూడా విప్పకుండా కూర్చుండిపోయారు.

"అన్నేళ్ళు ఫుల్ రేట్ మనం కట్టలేం సుజా. స్థలం కొంటానన్న ఆ బిల్డర్‌కి రేపు ఫోన్ చేసేస్తా," అన్నారు.

పాప అన్నం ముట్టలేదు. "అమ్మా, దట్ వాజ్ దేర్ హౌస్," అని గదిలోకి వెళ్ళిపోయింది.

పగలు, వెళ్ళేటప్పుడు ఆ అధికారి గేటు దగ్గర ఆగాడు. ముగ్గు చెరిగిపోతుందని, దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్ళాడు.