వానపాముకు పట్టీ వచ్చింది

జూన్ 11
ఎరువు తొట్టి మీద గోనె తీసి చూశాను. వానపాములకు తల దగ్గర లేత రంగు పట్టీ వచ్చింది. అది కనిపిస్తే గుడ్లకొచ్చినట్టేనని వానపాముల ఎరువు శిక్షణలో మేడమ్ చెప్పింది. నాకే నెల తప్పినంత సంబరం. ఛీ, ఏం మనిషిని...

జూన్ 14
ఒక్కోదానిలో మగ అవయవాలూ ఉంటాయి, ఆడవీ ఉంటాయి. అయినా జోడీ కట్టాల్సిందే. ఒకదాని విత్తనం ఇంకొకటి తీసుకుని దాచుకుంటుంది. తర్వాత రెండూ గుడ్లు పెడతాయి. లోపం ఎవరిదని అడిగే అత్తలుండరు వాటికి!
తినేటప్పుడు మా ఆయనకు చెప్పాను. నా పరీక్షలన్నీ బాగున్నాయి కదా, నువ్వూ ఒక్కసారి దవాఖానకు రా అని. "నాకేం రోగమొచ్చిందని?" కంచంలోనే చెయ్యి కడిగి లేచాడు.

జూన్ 19
పట్టీ చుట్టూ జిగురు ఊరుతుంది. వానపాము అందులోంచి వెనక్కి జారుకుంటూ గుడ్లూ, దాచుకున్న విత్తనమూ అందులో వదిలిపోతుంది. అదే గుడ్ల సంచి. నిమ్మకాయ ఆకారంలో, ఆవగింజ కన్నా కాస్త పెద్దది. ఈరోజు దొరికాయి! అత్తకు చూపించాను. "గీ పురుగులకున్న అదృష్టం..." అని ఆగింది.

జూన్ 23
నేను మహిళా సంఘం మీటింగ్‌కు పోయినప్పుడు అత్త తన తమ్ముడి మంద నుంచి గంపెడు గొర్రెల పెంట తెచ్చి తొట్టిలో పోసింది. బలమని. మంచికే చేసింది, కాదనను.

జూన్ 27
అన్నీ చచ్చాయి. వాసన.
అత్త తమ్ముడు వచ్చి చూశాడు. "మొన్ననే గొర్లకు నట్టల మందు తాపిచ్చినం గద బిడ్డా." కడుపులో పురుగుల్ని చంపే మందు. పెంటలోకి రాకుండా ఎక్కడికి పోతుంది?
అయినా అత్త వాకిట్లో అందరి ముందే — "దాని చేతిల ఏది పెరిగింది, గివి పెరగనీకి?"
ఆయన విన్నాడు. బీడీ ముట్టించుకున్నాడు.

జూన్ 28
రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 30
తొట్టి మూలన ఒకటి బతికి ఉంది. పట్టీ కూడా ఉంది. ఒక్కటే ఉండి ఏం చేస్తుంది, పాపం. పాత డబ్బాలో పేడ వేసి పెట్టాను.

జూలై 2
అత్తా ఆయనా రేపు ఆత్మకూర్ పోతారట, చుట్టాలింటికి. ఆ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంది. "ఊకె చూసొస్తం, ఫికర్ చెయ్యకు" అంటుంది అత్త. చిన్నపిల్లనా నేను?
"మరి దవాఖాన?" అని ఆయన్ని అడిగాను.
"వచ్చినంక చూద్దాం తియ్." అద్దంలో మీసం దువ్వుకుంటూనే.
తెల్ల అంగీ ఇస్త్రీ చేయమన్నాడు. చేస్తున్నాను... కాలర్ సరిగా పడటం లేదు.