విండోస్ లోపల నీ లినక్స్

అన్నయ్యా,

నువ్వు పోయాక ఇది మొదటి మామిడి కాపు. నీ పాత కంప్యూటర్ కూడా పోయింది. పూత పట్టిన తేదీ కొడితే ఏ చెట్టు ఎప్పుడు కోయాలో చెప్పే నీ ప్రోగ్రాం లినక్స్‌లోనే నడుస్తుందాయె. విండోస్ ముట్టుకుంటే మైల అన్నట్టు మాట్లాడేవాడివి. నా ఆఫీసు లాప్‌టాప్‌లో ఉన్నదేమో విండోసే. ఈ ఏడాది తేదీలన్నీ రాసుకుని కూడా ఏం చేయలేక కూర్చున్నాను. పోయిన వారం నాన్న కంటి అంచనాతో కోయించిన కాయలు లేతవని నూజివీడు మార్కెట్లో వెనక్కి పంపేశారు.

విండోస్ లోపలే లినక్స్ పెట్టుకోవచ్చని నిన్ననే తెలిసింది. ఇప్పుడు ఒక పక్క నా ఆఫీసు మెయిల్, ఇంకో పక్క నీ ప్రోగ్రాం. నువ్వు దాచి ఉంచిన పెన్‌డ్రైవ్‌లోంచి ఫైళ్లు తెచ్చి రన్ చేశాను. ఒక్క అక్షరం మార్చలేదు. నువ్వు పేర్లు పెట్టిన చెట్లన్నీ వరసగా వచ్చేశాయి. బావిగట్టు రసం, అత్తయ్య నాటింది, పిడుగు పడ్డది. హమ్మయ్య అనుకున్నాను. తిట్టుకోకు, లోపలున్నది నీ లినక్సే.

"చెట్టు సంగతి నీ డబ్బాకేం తెలుసురా" అని నీతో పోట్లాడే నాన్న, ఇవాళ పొద్దున్నే కాయలు కోసే చిక్కం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"మీ అన్నయ్య ఏమంటున్నాడమ్మా?"

"బావిగట్టు రసం ఇవాళ కోయమంటున్నాడు నాన్నా. అత్తయ్య నాటింది ఇంకో నాలుగు రోజులు ఆగమంటున్నాడు."

వాదించకుండా తోటలోకి వెళ్లిపోయారు.