మూకుడు పెట్టని ఇల్లు

నవంబరు 4

మళ్ళీ వాన. ఆయన సమాధి మీద మట్టి కుంగిపోతుందేమో... వెళ్ళి చూసే ఓపిక లేదు.

పప్పు, చారు. నిన్నా అంతే. మొన్నా అంతే. మట్టి చేసి వచ్చిన రోజే వదిన చెప్పేసింది – "ఆదరణ కూటం అయ్యిందాకా పొయ్యి మీద మూకుడు ఎక్కకూడదు సుగుణా. అప్పడం గూడా వద్దు." పాస్టరుగారు నవ్వారు – కూటమంటే పోయినవాళ్ళని తలుచుకుని ప్రార్థన చేసుకోవడమే, మూకుడు సంగతి వాక్యంలో ఎక్కడా లేదమ్మా. "వాక్యంలో లేకపోతే మా ఇంట్లో ఉండాది" అంది వదిన. పోయిన మా ఆయనకు సొంత అక్క. ఇక ఎవరు మాట్లాడతారు.

నవంబరు 5

కోడలు రీటా కూడా చారన్నమే తింటోంది. సునీలు బ్రెజిల్ రేవులో చూసి చేసుకుని తెచ్చిన పిల్ల. వాడేమో ఓడ మీద – తండ్రి మట్టికి కూడా అందలేదు నా కొడుకు. వాడు లేని ఇంట్లో ఇది, ఆయన లేని ఇంట్లో నేను. పేరొక్కటే మాకు కొత్త కాదు. అల్లూరు చర్చిలోనే ఇద్దరు రీటాలున్నారు.

నవంబరు 6

ఒక్క మాట రాసుకుంటాను, ఎవరికీ చెప్పలేను గనక. నాకు ఆకలిగా ఉంది. చారన్నం తీర్చే ఆకలి కాదు. నూనెలో వేగింది ఏదైనా... తియ్యగా. మొగుడు పోయినదానికి ఇదేం ఆకలి. సిగ్గుగా ఉంది.

నవంబరు 8

బిట్రగుంట నుంచి వదిన ఫోను. కూటం వచ్చే శనివారం. వంటవాళ్ళు, కుర్చీలు, షామియానా – అన్నీ ఆమే మాట్లాడేసింది. నేను ఊఁ కొట్టాను. చివర్లో – "ఆ రోజు నీ పుట్టింటోళ్ళొచ్చి మూకుడు పెట్టాల గదా. నీకు ఎవురుండారు?"

ఎవరూ లేరు. అమ్మానాన్న ఎప్పుడో పోయారు. అన్న కరోనాలో పోయాడు. అదంతా తెలిసే అడిగింది. "సరేలే, సంఘంలో ఎవురో ఒకరిని పిలస్తాలే."

పుట్టిల్లు కూడా అద్దెకు తెచ్చుకోవాలన్నమాట, కుర్చీలతో పాటు. కోపం వచ్చింది. కోపానికి కూడా ఓపిక కావాలి... పడుకున్నాను.

నవంబరు 9

ఏమీ లేదు. వాన.

నవంబరు 10

పొద్దున్నుంచీ వదలని ముసురు. రొయ్యల గుంటల మీద నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోత. మా గుంటవి కావు – మాది ఆపేశాం. ఆయన ఉంటే ఈపాటికి గొడుగు కూడా లేకుండా గట్టు మీద ఉండేవారు.

మధ్యాహ్నం అలా ఒరిగాను. వాసన. నూనె కాగే వాసన! లేచి వంటింట్లోకి వెళ్ళాను. పాలగిన్నెలో నూనె పోసి రీటా చెంచాతో పిండి జారవిడుస్తోంది. మూకుడు అటక మీదే ఉంది, ముట్టలేదు. పాలగిన్నె అయితే తప్పులేదనుకుంది పాపం.

"ఏందే ఇది?" గట్టిగానే అన్నట్టున్నాను. చెంచా అలాగే ఆగిపోయింది.

"వాన అత్తా. మా ఊర్లో వాన వస్తే అవ్వ ఇది చేస్తది. పేరే వాన బోండా. ఇంట్లో ఎవురన్నా చచ్చిపోతే గూడా చేస్తది. అప్పుడు ఎక్కువ చేస్తది."

మా దగ్గర చావింట్లో నూనె కాగకూడదు, అంతే. ఆపేయమన్నాను. ఆపేసింది. అప్పటికి వేగినవి పళ్ళెంలో ఉన్నాయి – చిన్న చిన్న మైసూరు బోండాల్లా, ఒక్కోదానికి ఒక్కో తోక. చక్కెరలో దాల్చినచెక్క పొడి కలిపి అందులో దొర్లించింది. దాల్చినచెక్క మాకు మాంసం కూరలోకే తెలుసు. తీపిలో ఆ వాసన... నోట్లో నీళ్ళూరాయి.

తినలేదు. రీటా కూడా తినలేదు. మూత పెట్టేశాను.

నవంబరు 11

వాసన పక్కింటికి వెళ్ళింది. పక్కింటి నుంచి బిట్రగుంటకు వెళ్ళింది.

"మా తమ్ముడి సమాధి మీద పూలు వాడకముందే పిండివంటలా? ఆ పిల్లకి తెలవదు, నీకేమైంది సుగుణా?" తర్వాత, గొంతు తగ్గించి – "కూటం రోజు దాన్ని నెల్లూరులో యాడన్నా ఉంచు. వచ్చినోళ్ళు నాలుగు మాటలంటారు. సునీలు వచ్చినాక వాడే చూసుకుంటాడు."

సరే అనలేదు. కాదని కూడా అనలేదు.

స్పీకరులో ఉంది ఫోను. రీటా విన్నది. ఈమధ్య తెలుగు బాగానే అర్థమవుతోంది దానికి, నా ఖర్మ.

నవంబరు 12

రీటా గదిలోంచి రాలేదు. వెళ్ళి చూస్తే పెట్టె మంచం మీద ఉంది, తెరిచి.

"నేను పోవాలా అత్తా?"

నెల్లూరుకా, వాళ్ళ దేశానికా... అడగడానికి భయమేసింది.

ఆయన పోయిన రోజు నన్ను కూర్చోబెట్టి తల దువ్వింది ఈ పిల్లే. వచ్చినవాళ్ళంతా ఆయన చుట్టూ. నా జుట్టు ఎవరికి గుర్తు. ఇది దువ్వెన తెచ్చుకుని, చిక్కు తీసి జడ వేసింది. ఇది కూడా పోతే నేను ఎవరితో మాట్లాడాలి. ఎవరికి వండాలి.

నవంబరు 13

మూకుడు నేనే దించాను. స్టూలు ఎక్కి. మోకాలు పట్టేసింది.

రీటాను పిలిచాను – "పిండి ఎట్టా కలపాలో చెప్పు."

"పెద్దత్త తిడతది."

"తిట్టనీ."

మైదా, గుడ్లు, పాలు, చక్కెర, చిటికెడు ఉప్పు, బేకింగ్ పౌడరు. చెంచాలోంచి మెల్లగా జారాలట, కారిపోకూడదట. నూనె ఎక్కువ కాగితే లోపల పచ్చిగా ఉంటుందట – నాకు చెబుతోంది, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో గారెలు వండినదానికి. విననట్టే మంట పెంచాను. మొదటి వాయి మాడింది. అది నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

వాసన వీధిలోకి పోకుండా తలుపు వేయబోయింది. వద్దన్నాను.

తిన్నాను. నిలబడే, వేడి వేడిగా, నాలుక కాలుతున్నా ఆగకుండా. పైన కరకర, లోపల మెత్తన. మూడోదో నాలుగోదో తింటుంటే ఏడుపు వచ్చింది. ఆయన పోయాక ఇప్పుడే సరిగ్గా ఏడ్చాను. రీటా మంట తగ్గించి, నా వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. పెట్టె మాత్రం ఇంకా మంచం మీదే ఉంది.

నవంబరు 14

వదిన ఒకరోజు ముందే వచ్చేసింది. ఆటోలో, బియ్యం మూటతో, తడుస్తూ. నేరుగా వంటింట్లోకి. పొయ్యి మీద మూకుడు. కడగలేదు నేను, కావాలనే.

"ఎవురు పెట్టినారు?"

"మా పుట్టింటోళ్ళు."

"నీకు యాడుండారు పుట్టింటోళ్ళు?"

రీటా గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి పట్టి లాగి నా పక్కన నిలబెట్టుకున్నాను. "ఇదో, ఉండాది గదా వదినా. రేపు గూడా యాడికీ పోదు. నా పక్కనే కూర్చుంటది."

దాని చెయ్యి వదల్లేదు.

వదిన తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. బోండాలున్న పళ్ళెం వంక చూసింది, ముందుగదిలో ఆయన ఫోటో వంక చూసింది. బియ్యం మూట గోడకు ఆనించి, అదే ఆటోలో వెళ్ళిపోయింది.

నవంబరు 15

కూటం పదకొండుకి. లోపలి గదిలో కూర్చుని రాస్తున్నాను. కుర్చీలు తడిసే వచ్చాయి, రీటా తుడిచి వేస్తోంది. జనం వచ్చారు. పాస్టరుగారు వచ్చారు. వదిన రాలేదు. ఫోను ఎత్తడం లేదు.

పాట ఎత్తుకోవాల్సింది ఆమె. ఆయన్ని చంకనెత్తుకుని పెంచిన మనిషి. నిన్న నేను అన్నది తప్పు కాదు, మళ్ళీ అడిగినా అదే అంటాను. కానీ ఆమె లేకుండా ఆయన కూటమేంటి...

రీటా తొంగి చూసింది. "పెద్దత్తకి డబ్బాలో కొన్ని వాన బోండాలు పెట్టినా అత్తా. తింటదా?"

తెలియదన్నాను.

పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నారు. ఇంకొంచెం ఆగమని చెప్పి పంపాను – ఇది రెండోసారి.