మాట వినే డిగ్రీ

ప్రభువునందు ప్రియమైన మా తమ్ముడి కుమార్తెకు, సంఘ కార్యదర్శి హోదాలో పెదనాన్న వ్రాయునది:

ఉత్తరానికి ఒక క్రమం ఉంటుంది. ముందు సంబోధన, తర్వాత క్షేమం, ఆపైన విషయం, చివర సంతకం. విషయం లేకపోయినా తక్కిన మూడూ ఉండవలసిందే. సర్వే కార్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ క్రమాన్ని కాపాడి పదవీ విరమణ చేసినవాడిని కనుక, నీవు పంపినదాన్ని ఉత్తరంగా గుర్తించడం కష్టమైంది. అందులో క్షేమం సంతకం తర్వాత ఉంది.

అయినా విన్నపం స్వీకరించడమైనది. బైబిలు కళాశాలలో సంఘ కౌన్సెలింగ్ పీజీ చదువుతున్న నీవు ఆరు వారాలు మన సంఘంలో ఉండి నలభై గంటలు జనం మాట వినాలనీ, ఆ ఫారం మీద కార్యదర్శి సంతకం లేకపోతే డిగ్రీ రాదనీ రాశావు. చదివి కళ్ళు చెమర్చాయి. నాలుగేళ్ళప్పుడు బల్ల మీద నుంచి దిగమంటే గంటన్నర దిగని పిల్లవు. బడిలో నీ పేరు మొండిఘటం. అటువంటి నీవు మాట వినడంలో పట్టభద్రురాలివి కాబోతున్నావు. ఆదివారం ఆరాధన కాగానే ఈ సంగతి ప్రకటించాను. పాస్టరు గారు చప్పట్లు కొట్టించారు.

ఇట్లు,
గర్వముతో,
కార్యదర్శి మరియు పెదనాన్న

తా.క.: మాట వినడం రెండేళ్ళ కోర్సని తెలిసి, షార్ట్‌టర్మ్ ఏమైనా ఉందా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు.

*

పెదనాన్న గారికి వందనాలు. నేను క్షేమం. (ముందే రాశాను, చూసుకోండి.)

మాట వినడమంటే చెప్పినట్టు చేయడం కాదు పెదనాన్నా. చెవి పెట్టి వినడం. కష్టంలో ఉన్న మనిషి పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా, తీర్పు చెప్పకుండా వినడం. అడిగితే కలిసి ప్రార్థన చేస్తాం. ఇది వైద్యం కాదు. మందులు రాయం, రోగానికి పేరు పెట్టం. అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతాం. లేఖనాల్లో ఒక భక్తుడు అన్నీ పోగొట్టుకుంటే స్నేహితులొచ్చి ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు కదా. అంతవరకు వాళ్ళు మంచి కౌన్సెలర్లేననీ, నోరు తెరిచాకే చెడిందనీ మా మేడమ్ అంటారు.

దయచేసి ఆ ప్రకటన వెనక్కి తీసుకోండి.

మీ అమ్మడు

తా.క.: షార్ట్‌టర్మ్ లేదు.

*

ప్రియమైన అమ్మడికి, ఇక్కడ అందరూ క్షేమం.

నీ వివరణ అందింది. ప్రకటనను ఉపసంహరించే వీలు సంఘ నియమాల్లో లేదు, సవరించే వీలుంది. కనుక నీకు కేటాయించిన గది తలుపు మీద "ఇచ్చట మాట వినడం నేర్పబడును" అన్న బోర్డు కింద, "చెవితో మాత్రమే. మందులు లేవు" అని ఎర్ర రంగుతో చేర్పించాను.

ఫలితంగా మాట వినని పిల్లలు పంతొమ్మిది మంది, మాట వినని భర్తలు నలుగురు, చెవి వినపడని వృద్ధులు ఏడుగురు పేర్లు నమోదు చేసుకున్నారు. సంఘ చరిత్రలో ఏ కార్యక్రమానికీ ఇంత స్పందన లేదు. నీవు బయలుదేరి రావలసినది.

ఇట్లు,
నిన్ను చూసి మురిసిపోతున్న
కార్యదర్శి

తా.క.: తనది రెండో వర్గమో మూడో వర్గమో తేల్చమని ఒక వృద్ధుడు దరఖాస్తు పెట్టాడు. రెండోదేనని ఆయన భార్య విడిగా దరఖాస్తు పెట్టింది.

*

పక్క గదిలో ఉన్న పెదనాన్న గారికి,

తలుపు తట్టి చెబుదామని వస్తే "కాగితం మీద రా" అన్నారు కనుక రాస్తున్నాను. నేను క్షేమం. మీ దగ్గు కూడా తగ్గినట్టు గోడలోంచి వినపడుతోంది.

పిల్లల్ని తెచ్చినవాళ్ళు వదిలేసి వెళ్ళడం లేదు. "వీడి సంగతి ఐదు నిమిషాల్లో చెప్పి పోతానమ్మా" అని కూర్చుంటున్నారు. మూడో నిమిషంలో పిల్లాడు ఆవరణలోకి పారిపోతాడు. పదో నిమిషానికి వాడి సంగతి అయిపోతుంది. ఆపైన నలభై నిమిషాలు వాళ్ళ సంగతి. నిన్న ఒకరు లేస్తూ, "నువ్వేమీ చెప్పలేదు కదమ్మా, ఎందుకో తేలిగ్గా ఉంది" అన్నారు. ఎవరని అడగకండి. ఇంకొకరికి నా చదువు చాలదనిపించి, ఒప్పించి డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళొచ్చాను.

ఇరవై ఆరు గంటలయ్యాయి. ఇంకా పద్నాలుగు.

మీ అమ్మడు

తా.క.: చెవి వినపడని తాతగారు రోజూ వస్తున్నారు. ఆయనకు నా మాట వినపడదు, నాకు చెప్పేదేమీ ఉండదు. బాగా కుదిరింది.

*

గోడకు అవతలనున్న అమ్మడికి, ఆశీస్సులు.

నా బల్ల గోడకు ఆనుకుని ఉన్నందువల్ల, వద్దనుకున్నా కొంత పరిశీలన జరిగింది. వచ్చినవారి మాటలు వినపడవు. నీవి వినపడతాయి. మంగళవారం యాభై నిమిషాల్లో నీవు పదకొండు సార్లు "ఊఁ" అన్నావు, మూడు సార్లు "తర్వాత?" అన్నావు. దీనికి పీజీ ఎందుకు? మీ పెద్దమ్మ ముప్పై ఐదేళ్ళు ఏ డిగ్రీ లేకుండా నాకు ఊఁ కొట్టింది.

ఏం జరిగిందో తెలియకుండా దేనిమీద సంతకం పెట్టను? మినిట్స్ లేని సమావేశం జరగనట్టే లెక్క. కనుక ఇకమీదట గదిలో ఎవరు ఏమన్నారో వ్రాతపూర్వకంగా నాకు సమర్పించాలి. ఈ మేరకు నోటీసు అంటించాను.

ఇట్లు,
నీ మేలుకోరే
కార్యదర్శి

తా.క.: నోటీసు అందరూ శ్రద్ధగా చదువుతున్నారు.

*

పెదనాన్నా,

చదివారు. చదివి వెనక్కి వెళ్ళిపోయారు. మూడు రోజులుగా ఒక్కరూ లోపలికి రాలేదు. తాతగారు కూడా. ఆయనకు చెవులే సరిగా లేవు, కళ్ళు బాగానే ఉన్నాయి.

ముప్పై ఎనిమిది గంటల దగ్గర ఆగిపోయాను. రేపు ఆఖరి రోజు. రెండేళ్ళ చదువు రెండు గంటల కోసం ఆగిపోయింది. అయినా మినిట్స్ ఇవ్వను. ఆ గదిలో మాట ఆ గదిలోనే ఉంటుందని ఒక్కొక్కరికీ మాటిచ్చాను. దానికోసం డిగ్రీ పోతే పోనివ్వండి. నేను మొండిఘటాన్నని మీరే అన్నారు.

అమ్మడు

తా.క.: "ఊఁ" పన్నెండు సార్లన్నాను. ఒకటి మీకు వినపడలేదు.

*

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన అమ్మడికి,

నీవు కళాశాలకు చేరేసరికి ఈ ఉత్తరం కూడా చేరుతుంది. సంతకం చేసిన ఫారం జతపరిచాను. మొత్తం నలభై గంటలు. బంధువు మాట వినరాదన్న నిబంధన ఫారంలో ఉందేమోనని నాలుగు సార్లు వెతికాను, లేదు.

ఆఖరి రోజు నేను నీ గదికి వచ్చింది తనిఖీకి. చేతిలో నోటుబుక్కు, పెన్ను ఉన్నాయి. నీవు కుర్చీ జరిపి, "ఎలా ఉన్నారు పెదనాన్నా?" అన్నావు. తనిఖీ అధికారిని అలా అడగరాదు. దగ్గు తగ్గిందని చెప్పబోయాను. మీ పెద్దమ్మ సంగతి వచ్చింది.

బయటికొచ్చి గడియారం చూస్తే రెండు గంటలు గడిచాయి. పుస్తకం తెరిచి మినిట్స్ రాయబోయాను. ఆసుపత్రిలో ఆమె "ఏమండీ, ఒక మాట" అంటే, డాక్టరు మాట్లాడించవద్దన్నాడని నేను "తర్వాత" అన్న సంగతి ఏ శీర్షిక కింద రాయాలి? "మిగిలిన విషయాలు" కిందనా? ఆ "తర్వాత" అనేది ఇక రాలేదు. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నేను "తర్వాత" అని ఆపేసిన చోటే, నీవు "తర్వాత?" అని అడిగి కూర్చున్నావు. నేను తల వంచుకుని ఉన్నంతసేపూ ఒక్క సలహా ఇవ్వలేదు. అందుకు పీజీ కావలసిందేనని కార్యదర్శిగా ధ్రువీకరిస్తున్నాను.

మన ఇంటిపేరు గలవాళ్ళమంతా చెప్పేవాళ్ళమే అమ్మడూ. వినడం వచ్చిన మొదటి మనిషివి నీవు. ఈ సంగతి ఆదివారం ప్రకటించాలని లేచాను. నీ పేరు మాత్రం చెప్పి కూర్చుండిపోతే, పాస్టరు గారే చప్పట్లు కొట్టించారు.

ఇట్లు,
నీ పెదనాన్న
(హోదా ఏమీ లేకుండా)

తా.క.: నోటీసు చింపేశాను. అయితే మినిట్స్ ఉండవలసిందే కనుక, కమిటీ చేత ఈ నియమం ఆమోదింపజేశాను: ఆ గదిలో జరిగిన ప్రతి గంటకూ ఒక ఖాళీ పేజీ దాఖలు చేయాలి. నెలనెలా ఆ ఖాళీ పేజీలను కార్యదర్శి లేచి నిలబడి, మొదటి నుంచి చివరి దాకా సభకు చదివి వినిపించాలి. అభ్యంతరం ఉన్నవారు అందులో ఏ మాట తప్పో వేలుపెట్టి చూపించాలి. ఈ నియమమే అంతిమం.