బ్యాటరీ కేస్‌షీటు

చిరంజీవి అబ్బాయికి,

పిన్ని దీవెనలు. మేం క్షేమంగా చేరాం. బాబాయి కులాసా. బండికే కొంచెం నలతగా ఉంది.

సరస్సు గట్టు పక్కన ఇళ్ళుగా మార్చుకున్న బండ్లు నిలుపుకునే మైదానంలో చివరి చోటు మాకిచ్చారు. కనుచూపు మేరలో కరెంటు స్తంభం లేదు. గట్టెక్కితే ఫోను పలుకుతుంది కానీ నేను ఉత్తరమే రాస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళు నర్సు పని చేసినదాన్ని, అందులో పదిహేనేళ్ళు హెడ్ నర్సుని. నోటిమాటగా చెప్పిన మందు మా వార్డులో చెల్లదు. కాగితం మీద రాసి కింద సంతకం ఉండాలి. నువ్వు కూడా ఏం చెప్పినా రాసి, సంతకం పెట్టి పంపు.

ముందు మీ బాబాయి గొప్ప చెప్పనీ. ముప్పై ఆరేళ్ళు బస్సుల బాడీలు కట్టి, ఊళ్ళోవాళ్ళందరి ప్రయాణాలకీ సీట్లు బిగించాడు. తాను మాత్రం షెడ్డు గేటు దాటలేదు. ఇప్పుడీ పాత మినీబస్సుని ఇల్లుగా ఎలా చేశాడో చూడాల్సిందే. మంచం మడిస్తే భోజనాల బల్ల, బల్ల ఎత్తితే గిన్నెల అలమర. ఒక్క తలుపు కిర్రుమనదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చేతిపనిలో నేను కాళ్ళు చాపుకుని పడుకోవడం ఇదే మొదలు.

ఇక జబ్బు సంగతి. నువ్వు బిగించిన సోలార్ ప్యానెల్, బ్యాటరీలతో మొదటి సాయంత్రం టీవీ యాభై నిమిషాలు బాగానే ఆడింది. కుస్తీ పోటీ వస్తోంది. లావుపాటివాడు సన్నటివాణ్ణి తలమీదికి ఎత్తాడో లేదో టీవీ ఆరిపోయింది. ఆ సన్నటివాడు ఇంకా గాల్లోనే ఉన్నాడని మీ బాబాయి బెంగ.

నవ్వులాటకేం గానీ, అసలు భయం వేరే. వచ్చే నెల మొదటి ఆదివారం మీ అక్క వస్తోంది. బాబాయి ఇన్సులిన్ ఉండే ఫ్రిజ్ సరిగ్గా నడవకపోతే బండి అమ్మేసి తన ఫ్లాటులో వెనక గదికి వచ్చేయాలని షరతు పెట్టింది. కన్నకూతురు, తండ్రి మీది ప్రేమతోనే అంది. ఈయన సరేనన్నాడు. అని, ఆ సాయంత్రమంతా గుడ్డ పెట్టి అలమర తలుపులు తుడుస్తూ కూర్చున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఏం చెయ్యాలో వెంటనే రాయి.

ఇట్లు,
పిన్ని

తా.క. ఇన్సులిన్ సీసాల మీద తేదీలు చూశాను, బాగున్నాయి. తేదీ చూడనిదే నేను మంచినీళ్ళ సీసా మూత కూడా తియ్యనని నీకు తెలుసుగా.

---

పిన్నికి,

నమస్కారాలు. నీ ఉత్తరం కొట్లో అందింది. నలుగురు కస్టమర్ల మధ్య చదివి నవ్వాను, చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

కంగారు పడకు. టీవీ ఆరిపోవడం జబ్బు కాదు, నేను పెట్టిన ఏర్పాటే. సింకు పైన ఎర్రంకెల మీటరు ఉంది కదా, అది పన్నెండుకి దిగగానే టీవీ దానంతటదే ఆగిపోతుంది. మిగిలిన కరెంటంతా ఫ్రిజ్‌కి. పన్నెండున్నర పైన ఉంటే బ్యాటరీ కడుపు నిండినట్టు, పన్నెండుకి దగ్గర పడితే ఆకలేసినట్టు.

ఇవి పాటించండి. ఒకేసారి రెండు మూడు వస్తువులు వెయ్యొద్దు. ఫ్రిజ్ మాటిమాటికీ తెరవొద్దు. మీటరు అంకెలు రాసి పంపు. బ్యాటరీకి వేడి పడదు, చల్లటి చోట ఉంచండి.

సంతకంతో సహా,
నీ అబ్బాయి

తా.క. ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళావని అక్క చెప్పింది. పిన్నీ, దాన్ని ఆ బ్యాటరీకి తగిలించడమంటే గొర్రెపిల్ల మీద ఏనుగుని ఎక్కించడమే.

---

చిరంజీవి అబ్బాయికి,

పిన్ని దీవెనలు. నీ ఆర్డరు అందింది. తలుపు లోపలి వైపు క్లిప్పు పెట్టి తగిలించాం. ఇప్పుడు ఈ బండి సర్వం నీ సంతకం కిందే నడుస్తోంది.

ఒకేసారి రెండు వెయ్యొద్దన్నావు కాబట్టి అన్నిటికీ విజిటింగ్ అవర్స్ పెట్టాను. ఆరూ పదికి బాబాయి గడ్డం మిషను, ఎనిమిదికి నీళ్ళ మోటారు, పదికి ఫోను, ఆరున్నరకి టీవీ. మిక్సీకి వారానికి రెండు పూటలే ప్రవేశం. ఫ్రిజ్ ఐ.సి.యు. కింద లెక్క, రోజుకి నాలుగుసార్లే తెరుస్తాం. నిన్న బాబాయి టైము కాని టైములో చల్లటి నీళ్ళకని తలుపు మీద చెయ్యి వేశాడు. అర్జీ రాసివ్వమన్నాను. ఇచ్చాడు, అచ్చుతప్పుల్లేవు, మంజూరు చేశాను.

బ్యాటరీని మంచం కింద చల్లటి మూలకి మార్చాం. బాబాయి దానికి గాలి ఆడేలా పలకల పెట్టె చేశాడు. అంచులు ఎంత నున్నగా చిత్రిక పట్టాడో, మా పెళ్ళికి చేసిన పీటలకి కూడా అంత పట్టలేదు. ఎండలు మండిపోతున్నాయి. అయినా నీకేం బెంగ వద్దు, వేడెక్కినవాటిని ఎలా చూసుకోవాలో నాకు ఒకరు నేర్పనక్కర్లేదు.

కేస్‌షీటు నకలు జతపరిచాను. మూడు గంటలకోసారి నాడి చూశాను. నాకు అంతుపట్టనిది ఒకటే. పొద్దున్న పదింటికి పదమూడు దాటి కళకళలాడుతుంది. మిట్టమధ్యాహ్నానికి నీరసించి పన్నెండున్నరకి వస్తుంది. సాయంత్రం కొంచెం తేరుకుంటుంది, అంతలో టీవీ టైము. ఏడూ నలభైకల్లా చీకటి. ఫ్రిజ్ ఆగలేదు కానీ తెల్లవారేసరికి అంకె పన్నెండు దగ్గర ఊగిసలాడుతోంది. మీ అక్క రావడానికి ఇంకా రెండు వారాలే.

ఇట్లు,
పిన్ని

తా.క. ఇస్త్రీపెట్టెని ఇంటికి పంపేశాం. టీ కోసం ఎలాగూ గ్యాసు మీద నీళ్ళు మరిగిస్తాను కదా, ఆ గిన్నె అడుగుతోనే చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. మడత ఫస్టుక్లాసు. ఒక్కోసారి చొక్కాకి టీ వాసన వస్తోంది, బాబాయి పొద్దున్నే రెండో కప్పు అడగడం మానేశాడు.

---

పిన్నికి,

నమస్కారాలు. కేస్‌షీటు చూశాను. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నా దగ్గరకొచ్చే ఇంజనీర్లు కూడా ఇంత శ్రద్ధగా అంకెలు రాయరు. దాన్ని కొట్లో గోడకి తగిలించాను. మా కుర్చీలో కూర్చున్న కస్టమరొకడు ‘ఈ పేషెంటు బతికాడా’ అని అడిగాడు.

కానీ పిన్నీ, మధ్యాహ్నం అంకె పడిపోవడం సృష్టికే విరుద్ధం. ఎండ ఎక్కువైతే అది పెరగాలి. ప్యానెల్ మీద చెట్టు నీడ గానీ పక్క బండి నీడ గానీ పడుతోందా? దుమ్ము పట్టిందా? వైరు ఎక్కడైనా వదులైందా? సూర్యుడికి ఎదురుగా ఉందా? ఈ నాలుగూ చూసి రాయి.

ఏదీ కాకపోతే టీవీ మానేసి ఫ్రిజ్ ఒక్కటే నడపండి. రాయడానికే మనసొప్పడం లేదు. బాబాయిని క్షమించమను.

సంతకంతో,
నీ అబ్బాయి

తా.క. బ్యాటరీ గురించి నేను నీకో మాట చెప్పాలి. ఈసారి కాదు, వచ్చే ఉత్తరంలో.

---

చిరంజీవి అబ్బాయికి,

పిన్ని దీవెనలు. నాలుగూ చూశాం. వరసగా రాస్తున్నాను.

నీడ: లేదు. బాబాయి బండిని మూడుసార్లు చోటు మార్చాడు. ఇప్పుడు మా చుట్టుపక్కల నీడ కోసం పిట్ట కూడా వాలదు. దుమ్ము: నా ఎదురుగా ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది? రోజుకి రెండుసార్లు తుడుస్తున్నాను. వైర్లు: పక్క బండిలో ఉండే రిటైరైన పంతులమ్మగారు కళ్ళజోడు మార్చుకుని మరీ ఒక్కొక్కటి లాగి చూశారు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. సూర్యుడు: దీని గురించి చెప్పాలి. మీ బాబాయి పాత బస్సు కిటికీ పట్టీలతో ప్యానెల్‌కి ఒక చట్రం చేశాడు. కింద పిడి తిప్పితే ప్యానెల్ సూర్యుడి వెంట తిరుగుతుంది. పొద్దున్న తూర్పుకి, సాయంత్రం పడమటికి. అరవై ఏడేళ్ళ మనిషి మెడ ఎత్తి సూర్యుణ్ణి చూసి రెండు మరలు బిగిస్తుంటే నేను టీ కప్పు పట్టుకుని అలా చూస్తూ నిలబడిపోయాను. టీ చల్లారిపోయింది, ఫరవాలేదు.

ఇంత చేసినా మధ్యాహ్నం అంకె పైకి రావడం లేదు. మీ అక్క వచ్చే ఆదివారమే వస్తోంది. టీవీ మూడు రోజులుగా వెయ్యలేదు. బాబాయిని చూస్తే నాకే కష్టంగా ఉంది. ఆరున్నరకి అలవాటుగా కుర్చీ ఇటు తిప్పుకుని, గుర్తొచ్చి మళ్ళీ అటు తిప్పుకుంటున్నాడు.

ఇట్లు,
పిన్ని

తా.క. నా వైపు నుంచి ఏ లోటూ రానివ్వడం లేదని నీకు తెలియాలి. ఆ ప్యానెల్‌ని మొదటివారంలో ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. థర్మామీటరు పెడితే నూట ఎనిమిది దాకా పోయి ఇక పైన గీతల్లేక ఆగిపోయింది. నా సర్వీసులో ఆ అంకె చూపించి బతికినవాళ్ళు లేరు. అప్పటినుంచి రోజూ పదకొండు నుంచి మూడింటి దాకా మడతపెట్టిన తడి దుప్పటి కప్పి ఉంచుతున్నాను. పావుగంటకోసారి తడుపుతున్నాను. పాపం, చల్లబడుతోంది.

---

పిన్నీ,

దుప్పటి తీసెయ్. ఈ ఉత్తరం మిగతాది తరవాత చదువు, ముందు వెళ్ళి దుప్పటి తీసెయ్.

తీశావా? ఇప్పుడు కూర్చో. అది జ్వరం కాదు పిన్నీ. ఎండలో ఉన్న ప్యానెల్ వేడెక్కుతుంది, దాని బతుకే అంత. అది తాగేది వెలుతురు. నువ్వు సరిగ్గా భోజనం వేళకి దాని నోటికి దుప్పటి అడ్డం పెట్టావు. మూడు వారాలుగా ఆ బ్యాటరీ పొద్దున్న ఫలహారం, సాయంత్రం టీ నీళ్ళతోనే మీ ఫ్రిజ్‌ని నడిపింది. నీ ఉత్తరం చదివి కొట్లో నేల మీద కూర్చుని నవ్వాను. మా ఆవిడ భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

తరవాత నవ్వు పోయింది. చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్తాను.

మీకు బిగించిన బ్యాటరీ కొత్తది కాదు. ఆరేళ్ళు ఒక డాక్టరుగారి క్లినిక్‌లో పనిచేసి నా కొట్టు మూలకొచ్చినది. పైన కొత్త స్టిక్కరు నేనే అంటించాను. మీరిద్దరూ రెండు వారాల్లో విసిగిపోయి వెనక్కొచ్చేస్తారు, ఆ మాత్రానికి ఇది చాలులే అనుకున్నాను. మీ ఇద్దర్నీ తక్కువ అంచనా వేశాను. మూలకి వేసిన బ్యాటరీ మీద, తడి దుప్పటి కింద, మీరు ఒక్కరోజు కూడా ఫ్రిజ్ ఆపకుండా నెట్టుకొచ్చారు. ఆ మనుషులకి నేను చేసింది మోసం. బాబాయి ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు.

కొత్త బ్యాటరీ సిద్ధంగా ఉంది. ఊఁ అను, రేపే తెచ్చి బిగిస్తాను.

తలవంచుకుని,
నీ అబ్బాయి

తా.క. బాబాయి తిప్పుడు చట్రం బొమ్మ గీసి పంపమను. అలాంటిది నా కొట్లో ఎవరికీ తట్టలేదు.

---

చిరంజీవి అబ్బాయికి,

పిన్ని దీవెనలు. నువ్వు ఊఁ అనమన్నావు, నేను అనలేదు. ఆదివారం వెళ్ళిపోయాక రాద్దామని ఆగాను.

ఉత్తరం అందిన నిమిషంలో దుప్పటి తీసేశాను. మధ్యాహ్నానికి అంకె పద్నాలుగు దాటింది. బాబాయి, పంతులమ్మగారు, నేను ముగ్గురం మీటరు ముందు నిలబడి చప్పట్లు కొట్టాం. నేను సిగ్గు పడలేదనుకోకు, పడ్డాను. దుప్పటి ఆరేసి మడతపెడుతూ చాలాసేపు పడ్డాను.

ఆదివారం మీ అక్క వచ్చింది. రాగానే ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టింది. ఎవరి కూతురు మరి! అయిదు డిగ్రీలు. ఇన్సులిన్ సీసాలు తేదీల వరసలో ఉన్నాయి. తలుపు మీద కేస్‌షీటు మొదటి రోజు నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివింది. వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది. ఆరున్నరకి టీవీ వేశాం. కుస్తీ మొత్తం చూశాం. అదే పాత పోటీ మళ్ళీ వేశారు. లావుపాటివాడు సన్నటివాణ్ణి ఎత్తాడు, బాబాయి కుర్చీలోంచి లేచాడు, టీవీ ఆరలేదు. సన్నటివాడు కిందికి దిగి, లావుపాటివాణ్ణి పడగొట్టి గెలిచాడు. మీ బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. అంతసేపూ మీ అక్క టీవీని చూడలేదు, వాళ్ళ నాన్ననే చూసింది. వెళ్తూ వెళ్తూ, ‘నాన్నా, ఆ కిటికీ కింద ఇంకో మడత మంచం పడుతుందా? నాకు’ అంది. ఆయన అప్పుడే టేపు తీసి కొలిచాడు.

ఇక నీ మోసం సంగతి. ఒరేయ్, నేను తేదీ చూడనిదే మంచినీళ్ళ సీసా మూత తియ్యనని మొదటి ఉత్తరంలోనే రాశానా లేదా? బ్యాటరీ బండెక్కిన రోజే తిప్పి చూశాను. తయారైన తేదీ అడుగున నల్లపెట్టె మీదే గుద్ది ఉంది, నీ స్టిక్కరు దాన్ని కప్పలేదు. అందుకే ఒక ఇన్సులిన్ సీసాని మొదటి రోజే పంతులమ్మగారి ఫ్రిజ్‌లో దాచాను.

తెలిసీ ఎందుకు ఊరుకున్నానంటావా? కొత్తదైతే, గొప్పంతా బ్యాటరీకే పోయేది. బాబాయి రిటైరయ్యాడు, నేను రిటైరయ్యాను, ఇది క్లినిక్‌లో సర్వీసు చేసి రిటైరైంది. మా ముగ్గుర్నీ మూలన కూర్చోమన్నవాళ్ళే అందరూ. కాస్త కనిపెట్టి చూసుకుంటే ఇంకా ఎంత చెయ్యగలమో నాకు చూడాలనిపించింది. నీ మీద కోపం లేదు నాన్నా. నిజంగా మోసం చేసేవాడు ఇంత ఓపిగ్గా మూడు ఉత్తరాలు రాయడు. బాబాయి ముఖం నిశ్చింతగా చూడు.

కొత్త బ్యాటరీ పంతులమ్మగారి బండిలో బిగించు. ఆవిడా ఇప్పుడు కేస్‌షీటు మొదలుపెట్టారు. మాది మాకుండనీ.

ఇట్లు,
పిన్ని

తా.క. బ్యాటరీ వయసు బాబాయికి చెప్పకు. తెలిస్తే మధ్యాహ్నం నిద్ర మానేసి దాంతో పోటీకి దిగుతాడు.