నాన్న కన్ను, ఇద్దరు డాక్టర్ల మాట

తిరువూరు

నూర్‌బీ అక్కకి తమ్ముడు మస్తాన్ సలాం. అందరం బాగానే ఉన్నాం గానీ నాన్న ఎడమ కన్ను బాలేదు. కంగారుపడమాక.

కంట్లో నల్ల తెర లేస్తందంటే బెజవాడ తీసుకెళ్ళా. చుక్కలేసి, లైటేసి లోపలికి చూశారు. కంటి వెనక పొర ఊడుతోందంట. తొందరగా ఆపరేషన్ చెయ్యాలి, అప్పటిదాకా తల వంచొద్దు అన్నాడు డాక్టరు.

"నమాజుకి?" అన్నాడు నాన్న.

"దేనికీ వంచొద్దు."

నాన్న మొహం మాడిపోయింది. పక్క వీధిలో ఇంకో డాక్టరుకి చూపించుకున్నాడు. ఆపరేషన్ చేసినా చూపు రాదు, పోయి నీ జట్కా తోలుకో అన్నాడాయన. "ఈయన మంచోడురా" అని నాన్న బస్సెక్కేశాడు. ఎవరిది నిజమో తెలీలా. మొదటాయన్నే మళ్ళీ అడుగుదాం అనబోయి సిగ్గుతో ఊరుకున్నా. అనాల్సింది అక్కా.

ఇప్పుడు రోజూ మసీదులో నుదురు నేలకానించి సజ్దా చేస్తన్నాడు. ఇమాంసాబుని అడిగా. జబ్బు మనిషి పడుకునైనా నమాజు చేసుకోవచ్చన్నారు. అది చెప్తే నాన్న "నువ్వెప్పుడు ఇమాంవయ్యావురా?" అని నవ్వాడు. నీ మాటైతే వింటాడు. కుడి కంట్లో ఎప్పుడో పువ్వేసి చూపు పోయిందని నీకు తెలుసుగా, ఉన్నది ఈ ఒక్కటే. బావని అడిగి వెంటనే రా.

పిల్లాడికి విరోచనాలు తగ్గాయా అని అమ్మ అడగమంది. నీకు దీవెనలు చెప్పమంది. బావకి సలాం. పిల్లాణ్ణి కూడా తీసుకురా. నాన్న వాణ్ణి ఇంకా చూడలేదు.