గాజుదారానికి కాపలా

చిరంజీవి ఇంజినీరమ్మకు, స్తంభాలెక్కీ ఎక్కీ మోకాళ్లు అరిగిన మావయ్య ఆశీస్సులు.

మీ ఆఫీసు వాళ్లు వచ్చి మన కరెంటు స్తంభాల మీదుగా వెంట్రుకంత గాజుదారం లాగి వెళ్లారు. అందులోంచి ఇంటర్నెట్ వస్తుందట. ఈ నలభై రెండు స్తంభాలూ దగ్గరుండి పాతించిన లైన్‌మన్‌ని, నాకే నమ్మబుద్ధి కావడం లేదు. ఇందులో ఎన్ని వోల్టులుంటాయి?

అత్తయ్య సంగతి నీకు తెలుసు. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. వాళ్ల చెల్లెలూ అంతే. ఇద్దరూ చూసుకుని ఎనిమిదేళ్లయింది. ఫోనుండి వాళ్లకేం లాభం? ఇప్పుడు తెర మీద మొహాలు కనిపిస్తాయని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ అన్నం తింటూ కూడా కిటికీలోంచి స్తంభాన్నే చూస్తోంది. నిజంగా వస్తుందా? ఆవిడకి నేను జవాబు చెప్పాలి.

ఇట్లు,
మావయ్య

తా.క.: దారాన్ని ముట్టుకుని చూశాను. షాక్ కొట్టలేదు. కాస్త చిన్నతనంగా అనిపించింది.

---

పూజ్యులైన మావయ్యకు, మేనకోడలు నమస్కరించి రాసేది.

అందులో వోల్టులూ లేవు, కరెంటూ లేదు. పోయేది వెలుతురు మాత్రమే. ఆ వెలుతురే మొహాల్ని మోసుకొస్తుంది. ఇదే చదువుకున్నా నాకింకా వింతగానే ఉంటుంది.

చిక్కు వేరే ఉంది. నెలాఖరులోగా మీ ఊరి లైను ఏడు రోజులు ఆగకుండా పనిచేయాలి. లేకపోతే ఆ దారం చివర బడి గోడకు బిగించిన ఇంటర్నెట్ పెట్టె విప్పి వేరే ఊరికి పంపేస్తారు. రోజూ పొద్దున పదింటికి మీ లైను అరగంట చచ్చిపోతోంది. ఎవరో ఆకతాయి పనిలా ఉంది. మీరు కాస్త కాపలా కాయండి.

మీ మేనకోడలు

తా.క.: అత్తయ్యకు వస్తుందనే చెప్పండి. నేను మాటిచ్చానని చెప్పండి.

---

చిరంజీవికి, ఎండలో కూర్చున్న మావయ్య ఆశీస్సులు.

ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే కుర్చీ వేసుకుని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కదలడం లేదు. పిట్టని కూడా వాలనివ్వలేదు. మీవాళ్లు దారం కట్టిన రోజు నుంచీ పదింటికి నేనే స్వయంగా స్తంభమెక్కి, ముడులన్నీ చూసి, దుమ్ము తుడిచి దిగుతున్నాను. లోపం మీ గాజులోనే ఉంది. అత్తయ్య నన్నే అనుమానంగా చూస్తోంది.

ఇట్లు,
మావయ్య

తా.క.: ఈ వయసులో స్తంభాలేమిటని కంగారు పడకు. కొత్త లైన్‌మన్‌కి పది ఊళ్లు, అందుకని ట్రాన్స్‌ఫార్మర్ తాళంచెవి నా దగ్గరే ఉంచాడు. ఊరంతటికీ కరెంటు తీసేస్తేగానీ స్తంభం మీద కాలు పెట్టను. నలభై ఏళ్ల అలవాటు. అరగంట కరెంటు పోతే ఇక్కడ ఎవరూ అడగరు కూడా.

---

మావయ్యకు నమస్కారాలు.

దొంగ దొరికాడు. మీరే. దారంలో కరెంటు లేదన్నానుగానీ, బడి గోడకున్న పెట్టె కరెంటుతోనే పనిచేస్తుందని రాయడం నాకు తట్టలేదు. సగం తప్పు నాది. నెలాఖరుకు ఇంకా పది రోజులుంది. ఈ ఉత్తరం అందగానే తాళంచెవి అత్తయ్య చేతికిచ్చేయండి.

మీ మేనకోడలు

తా.క.: రిపోర్టులో కారణం దగ్గర ‘పక్షులు’ అని రాశాను.

---

చిరంజీవికి, పక్షి ఆశీస్సులు.

ఏడు రోజులు చేతులు కట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. లైను నిలిచింది. ఇవాళ బళ్లో తెర ముందు అత్తయ్యను కూర్చోబెట్టాం. చెల్లెలి మొహం వచ్చింది. వెంటనే ఇద్దరి చేతులూ లేచాయి.

ముప్పై ఏళ్ల కాపురంలో నాకు తెలిసిన సైగలు పట్టుమని పది. అన్నం, నీళ్లు, తలుపు వేయి. అంతకు మించితే కాగితం మీద రెండు ముక్కలు. ఆవిడకున్న మాటలు అవేననుకున్నాను. ఇక్కడ చూస్తే వేళ్లు కంటికి ఆనడం లేదు. వాదించుకున్నారు, ఏడ్చారు, ఎవరినో వెక్కిరించి కడుపు పట్టుకుని నవ్వారు. నా ఇంట్లో ఇంత వాగుడుకాయ ఉందని నాకు ఇవాళే తెలిసింది. ఈ ఊళ్లో మొదటి దీపం వెలిగించింది నేనే. ఆ రోజు కూడా నేనిలా నోరు తెరుచుకుని నిలబడలేదు.

ఇట్లు,
మావయ్య

తా.క.: మధ్యలో చెల్లెలు నన్ను చూపించి ఏదో అడిగింది. అత్తయ్య ఆమెకు జవాబు చెప్పి, నాకు కాగితం మీద రాసిచ్చింది: ‘మీ ఆయనకు మాటలు రావా అని అడుగుతోంది. ఇంకా రాలేదు, నేర్పుతాను అన్నాను.’